కేజీహెచ్ దాకా వచ్చే దూరం: ప్రభుత్వ వైద్యంలో ప్రయాణాల లెక్క

ఆస్పత్రులు పర్యావరణం గురించి పట్టించుకోవాలనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఎలక్ట్రిక్ అంబులెన్సు. దానికి కారణం లేకపోలేదు. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకానికి కేంద్రం పెట్టిన 10,900 కోట్ల రూపాయల్లో 500 కోట్లు ఇలాంటి అంబులెన్సులకే కేటాయించారు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ 2030 నుంచి కొత్తగా కొనే అంబులెన్సులన్నీ పొగ వదలనివే ఉంటాయని ప్రకటించింది. ఇటు మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆస్పత్రికి ఎవరు ఏ బండి ఎక్కి వస్తారన్న లెక్కని అదీ కొంత మార్చింది.

ఈ మూడూ ఒకే విషయానికి సంబంధించినవి. కానీ దేని బరువు ఎంత అన్నదగ్గరే గందరగోళం ఉంది. విశాఖపట్నాన్నే ఉదాహరణగా తీసుకుని చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి. ఉత్తరాంధ్ర మొత్తానికీ, ఒడిశా సరిహద్దు ఊళ్లకీ కూడా పెద్దాస్పత్రి, అంటే కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్), ఇక్కడే ఉంది మరి.

ఎవరి ప్రయాణం, ఎవరి ఖాతా

ఒక ప్రభుత్వ ఆస్పత్రి చుట్టూ నాలుగు రకాల ప్రయాణాలు జరుగుతాయి. మొదటిది రోగిదీ, తోడు వచ్చినవాళ్లదీ. రెండోది డాక్టర్లు, నర్సులు, మిగతా సిబ్బంది డ్యూటీకి రావడం, పోవడం. మూడోది ఆస్పత్రి పని మీద తిరిగే బళ్లు: 108, 104, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, అధికారుల జీపులు. నాలుగోది సరుకు: మందులు, ఆక్సిజన్, భోజనం, లాండ్రీ, బయటికి వెళ్లే వైద్య వ్యర్థాలు.

కర్బన ఉద్గారాలను లెక్కగట్టేవాళ్లు వీటిని మూడు ఖాతాల్లో వేస్తారు. వాటికి స్కోప్ 1, 2, 3 అని పేర్లు. ఆస్పత్రి తన బళ్లలో, జనరేటర్లలో తగలబెట్టే ఇంధనం మొదటి ఖాతా. కొనుక్కునే కరెంటు రెండోది. ఆస్పత్రి ఉండబట్టే పుట్టి, దాని చేతిలో మాత్రం లేని ఉద్గారాలన్నీ మూడోది. పాడేరు నుంచి జీపు కట్టించుకుని వచ్చిన రోగి ప్రయాణం మూడో ఖాతాలో పడుతుంది. ఎలక్ట్రిక్ అంబులెన్సు తగ్గించేది మొదటి ఖాతాని. వార్తల్లో ఎక్కువగా కనిపించేది కూడా అదే. బడ్జెట్లో దానికో పద్దు ఉంటుంది, ప్రారంభోత్సవానికి వరసగా నిలబెట్టడానికి బళ్లుంటాయి.

పర్యావరణహిత ప్రయాణం అన్న మాటకి ప్రణాళికల్లో మూడు మెట్లు చెబుతారు. అవసరం లేని ప్రయాణాన్ని తప్పించడం మొదటిది. తప్పనిదాన్ని ఎక్కువమంది కలిసి వెళ్లే బండి మీదికి మళ్లించడం రెండోది. అప్పటికీ మిగిలిన బళ్లను మెరుగుపరచడం మూడోది. ఈ వరస ముఖ్యం. మూడో మెట్టు దగ్గర మొదలుపెడితే డబ్బు ఎక్కువ ఖర్చవుతుంది, ఫలితం తక్కువొస్తుంది.

ఇది నిజంగా అంత పెద్ద విషయమా

హెల్త్ కేర్ వితౌట్ హార్మ్ అనే సంస్థ 2019లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచ ఉద్గారాల్లో వైద్య రంగం వాటా 4.4 శాతం. ఇందులో ఎక్కువ భాగం మందులు, పరికరాలు, ఆహారం లాంటి సరుకుల తయారీ, సరఫరాది. ప్రయాణాలది అంతకంటే చిన్న వాటా, కానీ తీసిపారేసేంత చిన్నదీ కాదు. ఇంగ్లండ్ రోడ్ల మీద తిరిగే దూరంలో దాదాపు 3.5 శాతం, అంటే ఏడాదికి 950 కోట్ల మైళ్లు, రోగులు, సందర్శకులు, సిబ్బంది, సరఫరాదారులు ఎన్‌హెచ్‌ఎస్ పని మీద తిరిగేదేనని ఎన్‌హెచ్‌ఎస్సే తేల్చింది. 2023 అక్టోబరులో విడుదల చేసిన ప్రయాణ వ్యూహంలో, సిబ్బంది రాకపోకల వల్ల వచ్చే ఉద్గారాలను 2033 నాటికి సగానికి తగ్గించాలని కూడా రాసుకుంది.

ఆ అంకెలను యథాతథంగా విశాఖకు తెచ్చి అతికించలేం. అక్కడ సమస్య కార్లు ఎక్కువై వచ్చింది. ఇక్కడ చాలా ఊళ్లలో సమస్య బండి లేకపోవడం. ఏజెన్సీలో గర్భిణిని డోలీ కట్టి కొండ దింపిన వార్త ప్రతి వర్షాకాలం చదువుతూనే ఉన్నాం. ఆ కుటుంబానికి పర్యావరణం కోసం ప్రయాణం తగ్గించుకోమని చెప్పడం అన్యాయం. ఈ తేడాని పక్కన పెట్టి మాట్లాడితే చర్చ ఎటో పోతుంది.

అందరూ విశాఖకే ఎందుకొస్తారు

కేజీహెచ్, దానికి అనుబంధంగా ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లో మొదలయ్యాయి. చాలా దశాబ్దాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలకి ప్రభుత్వ రంగంలో పెద్ద స్పెషాలిటీ వైద్యమంటే ఇదే. తర్వాత హనుమంతవాక దగ్గర ప్రభుత్వ ఆస్పత్రి విమ్స్, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వచ్చాయి. శ్రీకాకుళంలో, 2023లో విజయనగరంలో, ఆ తర్వాత పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అయినా కష్టమైన కేసు అనగానే "కేజీహెచ్‌కి రాసేశాం" అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఊళ్లోకి వచ్చాక కూడా తిరుగుడు ఆగదు. కేజీహెచ్ ఉన్నది మహారాణిపేటలో. కంటి ఆస్పత్రి, ఛాతీ ఆస్పత్రి, మానసిక వైద్యశాల ఉన్నవి వాల్తేరు వైపు. ప్రసవాల ఘోషాస్పత్రి ఉన్నది వన్‌టౌన్‌లో. సుగర్ పేషెంటుకి మెడిసిన్ ఓపీ ఒకచోట, కంటి పరీక్ష ఇంకోచోట. రెండిట్లోనూ పొద్దున్నే ఓపీ కాబట్టి ఒక్కరోజులో రెండూ అయ్యేది అరుదు. చోడవరం నుంచి వచ్చినావిడకి అది రెండు రోజుల కూలీ పోవడమే.

పాడేరు నుంచి ఒక రోగి: లెక్క వేసి చూద్దాం

పాడేరు నుంచి కేజీహెచ్‌కి రానూపోనూ 220 కిలోమీటర్లు అనుకుందాం. రోగికి తోడు ఒకరు. ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మిగతా అంకెలు లెక్క తెలియడం కోసం వేసుకున్న సుమారు అంకెలు.

లీటరుకి 12 కిలోమీటర్లిచ్చే జీపు ఇద్దరికోసమే మాట్లాడుకుంటే 18 లీటర్ల పైన డీజిల్ అవుతుంది. అంటే దాదాపు 49 కిలోల ఉద్గారం. అదే లీటరుకి 5 కిలోమీటర్లిచ్చే ఆర్టీసీ బస్సులో 40 మందితో కలిసి వస్తే తలకి 3 కిలోల లోపు, ఇద్దరికీ కలిపి 6 కిలోలు. ఎనిమిదో వంతు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అదే జీపులో పదిమంది సర్దుకుని వస్తే తలకి 5 కిలోలే. బండి ఏ ఇంధనంతో నడుస్తుందన్నదాని కంటే ఎన్ని సీట్లు నిండాయన్నది లెక్కని ఎక్కువ మారుస్తోంది.

ఇప్పుడు మూడో దారి. రోగి వచ్చింది ఆపరేషనుకో స్కానుకో కాదు, బీపీ మందులు తిరగ రాయించుకోవడానికి. 104 వాహనం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) నుంచి ఊళ్లోకి రానూపోనూ 40 కిలోమీటర్లు తిరిగి 30 మందిని చూసిందనుకుందాం. మొత్తం 9 కిలోల ఉద్గారం, తలకి 300 గ్రాములు. రోగి నడిచింది ఇంటి నుంచి విలేజ్ క్లినిక్ దాకా. బస్సు చార్జీ లేదు, టిఫినూ భోజనాల ఖర్చు లేదు, కూలీ పోలేదు.

ఉచిత బస్సు వచ్చాక రెండో దారి మహిళలకి తేలికైంది. రోగీ తోడూ ఇద్దరూ ఆడవాళ్లైతే చార్జీల బాధ పెద్దగా లేదు. కానీ ఒంట్లో బాగాలేని మనిషి ఘాట్ రోడ్డులో మూడున్నర గంటలు నిలబడి రాలేరు. సీటు దొరుకుతుందన్న నమ్మకం లేకపోతే అప్పు చేసైనా జీపే మాట్లాడుకుంటారు. కాబట్టి ఉచితం అనేది ఒక భాగం, సీటు దొరకడం ఇంకో భాగం.

ప్రయాణాన్ని తప్పించడం అంటే వైద్యాన్ని తప్పించడం కాదు

దీనికి మన దగ్గరే గట్టి ఉదాహరణ ఉంది. ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను తినేసిందో చెప్పనక్కర్లేదు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, బతికినన్నాళ్లూ. పలాస నుంచి విశాఖకి సుమారు 180 కిలోమీటర్లు. వారానికి రెండుసార్ల చొప్పున ఏడాదికి 104 సార్లు రానూపోనూ తిరిగితే 37,440 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు! నిండు బస్సులో వచ్చినా మనిషికి ఏడాదికి 500 కిలోల కార్బన్ డయాక్సైడ్, తోడుతో కలిపి ఒక టన్ను. సగటు భారతీయుడి మొత్తం ఏడాది ఉద్గారం దాదాపు 2 టన్నులు.

ఆ దూరం మోయలేక మధ్యలోనే మానేసినవాళ్ల లెక్క కార్బన్ పట్టికలో ఎక్కడా కనపడదు. ఉద్దానం చుట్టుపక్కల డయాలసిస్ కేంద్రాలు పెట్టడం, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరవడం ప్రాణాలు నిలపడానికి చేసిన పనులు. పర్యావరణం పేరు అందులో ఎవరూ ఎత్తలేదు. కానీ ప్రయాణాల లెక్కలో చూస్తే ఎన్ని ఎలక్ట్రిక్ బళ్లు కొన్నా అంత తగ్గింపు రాదు.

చికిత్స పద్ధతి కూడా ప్రయాణాన్ని మారుస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ తర్వాత ఇచ్చే రేడియేషన్ సంగతే చూడండి. తగిన రోగులకి మూడు వారాల్లో 15 విడతలుగా ఇచ్చేదాన్ని ఒక్క వారంలో 5 విడతలుగా ఇచ్చినా ఫలితం తగ్గదని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధన 2020లో చూపింది. ఇది అందరికీ సరిపోదు, ఎవరికి సరిపోతుందన్నది డాక్టరు తేల్చాలి. సరిపోయినవాళ్లకి మాత్రం పది రాకపోకలు తగ్గినట్టే.

ఏజెన్సీలో గర్భిణుల వసతి గృహాలదీ ఇదే తర్కం. నెలలు నిండే ముందే కొండ మీది ఊళ్ల నుంచి తీసుకొచ్చి ఆస్పత్రికి దగ్గర్లో ఉంచితే, అర్ధరాత్రి నొప్పులొచ్చాక డోలీ, ఫీడర్ అంబులెన్సు (కొండదారుల్లో తిరిగే బైకు అంబులెన్సు), 108 అంటూ మూడు బళ్లు మారే టెన్షన్ ఉండదు. ఇల్లూ పిల్లల్నీ వదిలి అన్నాళ్లు రాలేమనే తల్లులూ ఉన్నారు. వాళ్లని తప్పుపట్టలేం.

ఇక చిన్నవిగా కనిపించే విషయాలు. పాడేరు నుంచి తెల్లారుజామున బయల్దేరినా ఓపీ చీటీ తీసుకునేసరికి పది దాటుతుంది. డాక్టరు చూసి రక్తపరీక్ష రాసేసరికి మధ్యాహ్నం. రిపోర్టు రేపు రమ్మంటారు. ఆ "రేపు" అన్న ఒక్క మాటకి ఇంకో 220 కిలోమీటర్లో, ఆస్పత్రి వరండాలో ఒక రాత్రో ఖర్చవుతుంది. పరీక్షలు ముందే పీహెచ్‌సీలో చేయించి రిపోర్టుతో పంపితే ఒక ప్రయాణం పోతుంది. నెల మందుల బదులు, డాక్టరు సరే అన్నచోట, మూడు నెలలవి ఇస్తే ఏడాదికి పన్నెండు ప్రయాణాలు నాలుగవుతాయి. నా ఉద్దేశంలో విశాఖ లాంటి చోట పర్యావరణహిత ప్రయాణ ప్రణాళికకి మొదటి పేజీ ఓపీ చీటీయే. ఎలక్ట్రిక్ బళ్ల పేజీ తర్వాతది.

ఫోన్లో డాక్టరు: ఎంతవరకు

ఫోన్లో, వీడియోలో డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవనిని ఎక్కువగా వాడుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. విలేజ్ క్లినిక్‌లో కూర్చుని పెద్ద డాక్టరుతో మాట్లాడితే ప్రయాణం మొత్తం తప్పుతుంది. సమర్థించేవాళ్లు చెప్పేది ఇదే, అందులో నిజముంది. చర్మవ్యాధులు, మానసిక వైద్యంలో ఫాలో-అప్, రిపోర్టు చూపించి మందు మార్చుకోవడం లాంటివి ఇలా బాగానే జరుగుతాయి.

డాక్టర్లలోనే కొందరి అనుమానాలూ తేలిగ్గా కొట్టేసేవి కావు. పొట్ట నొక్కి చూడందే తేలని జబ్బులున్నాయి. స్టెతస్కోపు పెట్టకుండా ఊపిరితిత్తుల సంగతి చెప్పలేరు. స్క్రీన్ మీద చూసి జాగ్రత్త కోసం "ఎందుకైనా మంచిది, విశాఖ వెళ్లండి" అనేస్తే ప్రయాణం తగ్గకపోగా ఒక మెట్టు పెరుగుతుంది. కొండ ఊళ్లలో సిగ్నల్ సంగతి సరేసరి. కువీ లాంటి గిరిజన భాష మాట్లాడే ముసలమ్మకి అవతల డాక్టరు తెలుగు కూడా సగమే అర్థమవుతుంది. అప్పుడు పక్కన ఆశా కార్యకర్తో ఏఎన్‌ఎమ్మో ఉండి తీరాలి. అంటే ఫోన్ వైద్యం నడవడానికి కూడా ఊళ్లో ఒక మనిషి కావాలి.

ఎలక్ట్రిక్ బండి పొగ ఎక్కడికి పోతుంది

ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకి ఒక యూనిట్ కరెంటు తింటుందనుకుందాం. దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటు తయారీకి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతోంది, ఎక్కువ కరెంటు బొగ్గు నుంచే వస్తోంది కాబట్టి. అంటే కిలోమీటరుకి 0.7 కిలోలు. లీటరుకి నాలుగున్నర కిలోమీటర్లిచ్చే డీజిల్ సిటీ బస్సు పొగగొట్టం నుంచి 0.6 కిలోలు. డీజిల్‌ని తవ్వి, శుద్ధి చేసి, తెచ్చేటప్పుడు పుట్టే ఉద్గారాలు కూడా కలిపితే రెండూ దాదాపు సమానం. విశాఖవాళ్లకి ఇది కళ్లముందే ఉంది. పరవాడ దగ్గర 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం చిమ్నీలు చాలా దూరానికి కనిపిస్తాయి.

అలాగని ఎలక్ట్రిక్ బళ్లు దండగ అనడం తొందరపాటు. జాతీయ ప్రమాణాల మేరకు గాలి లేదని స్వచ్ఛ వాయు కార్యక్రమంలో చేర్చిన నగరాల్లో విశాఖ ఒకటి. ఆస్పత్రి గేటు ముందు ఇంజన్ ఆపకుండా నిలబడే అంబులెన్సుల, ఆటోల పొగ పీల్చేది ఆస్తమాతో, గుండెజబ్బుతో వచ్చినవాళ్లే. ఆ పొగ అక్కడ లేకపోవడమే పెద్ద మేలు. పైగా సౌర, పవన విద్యుత్తు పెరిగేకొద్దీ అదే బస్సు కార్బన్ లెక్క ఏటా తగ్గుతుంది. డీజిల్ బస్సు లెక్క మాత్రం అక్కడే ఉంటుంది.

అంబులెన్సు విషయంలో ఇంకో ప్రశ్న. ఊళ్లో ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి, బాలింతల్ని ఇంటికి దింపడానికి తిరిగే బళ్లకి రోజూ ఒకే తరహా దూరాలు, రాత్రి చార్జింగ్‌కి టైము ఉంటాయి. చింతపల్లి, ముంచంగిపుట్టు ఘాట్లలో తిరిగే 108కి ఆ వెసులుబాటు లేదు. అక్కడ బ్యాటరీ అయిపోతే పోయేది ప్రాణం. రెండిటికీ ఒకే గడువు పెట్టడం సరికాదని నాకనిపిస్తుంది.

ఆస్పత్రి గేటు, నర్సు డ్యూటీ

సిబ్బంది ప్రయాణాల గురించి మాట్లాడేటప్పుడు పార్కింగ్ దగ్గర గొడవ మొదలవుతుంది. కేజీహెచ్ ఏటవాలు నేల మీద కట్టిన ఆస్పత్రి, పైనుంచి కిందికి బ్లాకులే. ఖాళీ ఉన్న ప్రతిచోటా బైకులు, కార్లు ఉంటే స్ట్రెచర్‌కి దారి తగ్గుతుంది. పార్కింగ్ తగ్గించి బస్సులో రమ్మంటే, రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగి పెందుర్తో గాజువాకో వెళ్లాల్సిన నర్సు స్కూటీ ఎందుకు వదులుకుంటుంది? ఆమెకి కావలసింది దిగగానే వచ్చే బస్సు, స్టాపు దగ్గర లైటు. అవి లేకుండా తగ్గించే పార్కింగ్ భారమంతా ఆవిడ మీదే పడుతుంది.

రైలు టైమూ ఇలాంటి సంగతే. కిరండూల్ ప్యాసింజర్ పొద్దున్నే విశాఖలో బయల్దేరి అరకు వెళ్తుంది, తిరుగు బండి విశాఖ చేరేసరికి చీకటి పడుతుంది. కరెంటుతో నడిచే, వందల మందిని మోసే బండి అది. అద్దాల పెట్టెలో బొర్రా గుహలు చూడబోయేవారికి ఆ టైము చక్కగా కుదిరింది. అరకు నుంచి ఓపీకి రావాలనుకునే మనిషికి కుదరలేదు.

లెక్కపెట్టనిదాన్ని తగ్గించలేం

ఇంగ్లండ్‌లో 950 కోట్ల మైళ్లని చెప్పగలిగింది లెక్కపెట్టారు కాబట్టి. మన ఓపీ చీటీలో పేరు, వయసు, ఊరు ఉంటాయి. ఏ బండి మీద వచ్చారు, వెంట ఎంతమంది వచ్చారు అని అడిగే గడి ఉండదు. ఉన్న ఊరి పేరుతోనే చాలా తెలుసుకోవచ్చు. ఓపీ టైము ఆస్పత్రి చేతిలో ఉంది, బస్సు టైము డిపో చేతిలో, బస్ స్టాపు విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చేతిలో ఉన్నాయి. వాళ్లంతా ఒకచోట కూర్చుని మాట్లాడాలంటే ముందు చేతిలో ఆ లెక్క ఉండాలి.

ఉదాహరణకి పాడేరు వైపు నుంచి ఒక రోజు వచ్చినవాళ్లలో 30 మంది పాత చీటీ మీద నెల మందుల కోసమే వచ్చారని చీటీలు తిరగేస్తే తేలిందనుకుందాం. తోడుతో కలిపి 60 మంది, తలకి 220 కిలోమీటర్ల చొప్పున 13,200 కిలోమీటర్లు. 40 సీట్ల బస్సు ఒకటిన్నర ట్రిప్పు నిండిపోయింది. ఆ మందులు పాడేరు ఆస్పత్రిలోనే అందితే, కడుపులో గడ్డతో స్కానుకి వస్తున్న మనిషికి ఆ బస్సులో కూర్చోవడానికి సీటు దొరుకుతుంది.